పెన్‌డ్రైవులో మార్తమ్మ గారి సాక్ష్యం

పోయిన నెల మా అక్క కూతురు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, చూడమని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పలకంత పలచగా ఉంది. అటూ ఇటూ తిప్పి, పెన్‌డ్రైవు ఎక్కడ పెట్టాలే అని అడిగాను. దానికి మామూలు పెన్‌డ్రైవు పట్టే సందే లేదట. ఈ రోజుల్లో పెన్‌డ్రైవులు ఎవరు వాడతారు పిన్నీ అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అక్కడితో ఊరుకుందా, నువ్వు వయసులో ఉన్నప్పుడు కాలనీలో అందరి కంప్యూటర్లకీ వైరసులు తీసేదానివంట గదా, అమ్మ చెప్పింది, ఎట్టా తీసేదానివో చెప్పు అని కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. రెండు ముక్కలు చెప్పి, పప్పు మాడిపోతోందని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పప్పు లేదు. ఆ సంగతి ఎవరు ఎత్తినా ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే, ఏదో ఒక వంక పెట్టి లేచిపోవడం. ఈసారి వంటింట్లో ఊరికే నిలబడి, ఖాళీ పొయ్యి వంక చూస్తూ, ఇంక రాసెయ్యాలి అనుకున్నాను.

మేము బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. నాయన రైల్వేలో ఫిట్టరు. కుళాయికి నీళ్ళొచ్చే గంటతో మా ఇల్లు లేచేది. అమ్మ బిందెలు పట్టడం, అవ్వ గడప దగ్గర కూర్చుని దగ్గుతూనే కీర్తన ఎత్తుకోవడం, నాయన టీ కోసం కేకేయడం, అన్నీ ఒక్కసారే జరిగేవి. వారానికి రెండు రోజులు అమ్మ మెత్తళ్ళనే చిన్న ఎండు చేపలు వేపేది. ఆ వాసన మధ్యాహ్నం దాకా కర్టెన్లను పట్టుకుని ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను పక్కన నా కంప్యూటరు. దాని మీద అమ్మ తెల్లదారంతో అల్లిన గుడ్డ కప్పేది. చెప్పులతో ఎవరూ దాని దగ్గరికి పోకూడదు. నాయన అయితే ప్రార్థన చేయకుండా స్విచ్చి వేయనిచ్చేవాడు కాదు. ప్రభువా ఈ యంత్రమును దీవించుము అని మొదలుపెట్టి, కాలనీలో జబ్బు పడినవాళ్ళ పేర్లన్నీ అయ్యేదాకా నేను మౌసు పట్టుకుని పళ్ళు నూరుకుంటూ కూర్చోవాలి. ఒకసారి తట్టుకోలేక మధ్యలోనే ఆమెన్ అనేశాను. అవ్వ నా నెత్తి మీద మొట్టింది.

కావలిలో ఏడాది పాటు కంప్యూటరు కోర్సు చేశాను. అక్కడ వైరసులు తీయడం ఎవరూ నేర్పలేదు. ఆ ఇన్‌స్టిట్యూట్ మెషిన్లన్నీ వైరసులతో మూలుగుతుంటే, విసుగెత్తి నేనే నేర్చుకున్నాను. ఆ నోటా ఈ నోటా తెలిసి కాలనీవాళ్ళు పెన్‌డ్రైవులు తేవడం మొదలుపెట్టారు. తరువాత బోగోలు నుంచి, ఆ పక్క సముద్రపు పల్లెల నుంచి కూడా వచ్చేవారు. ఎవరిది ఏదో తెలియడానికి అమ్మ వాటికి రంగు దారాలు కట్టి, ఖాళీ ఊరగాయ జాడీలో వేసేది. ఎంత కడిగినా ఆ జాడీకి నూనె వాసన పోలేదు. మా ఇంటి నుంచి వెళ్ళిన పెన్‌డ్రైవులన్నీ ఆవకాయ వాసన వేస్తాయని జనం నవ్వేవారు.

ఆ కాలపు వైరసులకు మన దగ్గర దోచుకునే బుద్ధి ఉండేది కాదు. వాటికి కావలసిందల్లా ఇంకొక చోటికి పాకడం. పెన్‌డ్రైవు పెడితే మెషిన్లోకి, ఆ మెషిన్లో మరొక పెన్‌డ్రైవు పెడితే దానిలోకి, ఎక్కడికి పోయినా తనలాంటిదే ఇంకొకటి పెట్టుకుంటూ పోయేది. మన ఫోల్డర్లను కనబడకుండా దాచిపెట్టి, వాటి పేర్లే పెట్టుకుని, అదే పసుప్పచ్చ బొమ్మ తగిలించుకుని కూర్చునేది. మనం పెళ్ళి ఫోటోలు అనుకుని నొక్కామా, దాన్ని చేతులారా నిద్ర లేపినట్టే. నేను దాన్ని సైజు చూసి పట్టుకునేదాన్ని. పెళ్ళి ఫోటోలకూ, పాటలకూ, పరీక్ష పేపర్లకూ అన్నిటికీ ఒకే సైజు కనబడితే అవి ఫోల్డర్లు కావు. వాటిని చెరిపేసి, నల్ల తెర తెరిచి ఒక వరస టైపు చేస్తే దాక్కున్న అసలువన్నీ బయటికి వచ్చేవి. అంతా పోయిందని ఏడుస్తూ వచ్చినవాళ్ళు నా వెనక నిలబడి అబ్బా అనేవారు. ఆ అబ్బా కోసం నేను అన్నం మానేసి కూడా కూర్చునేదాన్ని. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టుకుని, ప్రతి వైరసు గుణాలూ అందులో రాసుకున్నాను. ఇరవై రెండేళ్ళ పిల్లను, నాకు తెలియనిది లేదనుకున్నాను. తల పొగరు అంటారే, అది నాకు దండిగా ఉండేది.

దేవదానం మాస్టారు నాయనకు చిన్ననాటి స్నేహితుడు. బోగోలులో ఉండేవాడు, బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య మార్తమ్మ గారు బైబిలు స్త్రీ. అంటే మేము గుడి అనే చర్చి తరఫున పల్లె పల్లెకూ నడిచి వెళ్ళి, ఆడవాళ్ళతో కూర్చుని వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చే మనిషి. ముప్పై ఏళ్ళు సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలన్నీ తిరిగింది. మా ఇంటికి వస్తే ఆమె చీర కుచ్చెళ్ళలో ఇసక రాలేది. అవ్వ విసుక్కుంటూనే చీపురు తెచ్చుకునేది. మార్తమ్మ గారు తక్కువ మాట్లాడేది. భర్తను ఎదురుగానూ, చాటునా కూడా మాస్టారు అనే అనేది. వాళ్ళకు గ్రేసు అని ఒక్క కూతురు పుట్టి, నాలుగేళ్ళ వయసులో జ్వరంతో పోయిందని అమ్మ చెప్పగా విన్నాను. ఆ పిల్ల మాట ఆ ఇంట్లో ఎత్తగా నేనెప్పుడూ వినలేదు.

ఆమెకు కడుపులో గడ్డ అని తేలాక, ఒక నోటుబుక్కు తీసుకుని తన సాక్ష్యం రాయడం మొదలుపెట్టింది. మావాళ్ళలో సాక్ష్యం అంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో, తాను ఎక్కడ తప్పిపోయిందో, ఎవరిని క్షమించిందో, అంతా దాచకుండా చెప్పుకోవడం. నేను పోయాక ఆదరణ కూటంలో దీన్ని చదివించండి మాస్టారూ, అప్పటిదాకా మీరు చదవొద్దు, అందరితో పాటు మీరూ వినండి అని ఆమె చెప్పింది. ఆదరణ కూటం అంటే పోయినవాళ్ళను తలుచుకుని, ఇంటివాళ్ళను ఓదార్చడానికి సంఘమంతా కూడేది. ఆయన మాట ఇచ్చాడు. చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని కావలిలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించాడు. ఆమె ఆసుపత్రి నుంచి తిరిగి వస్తే తప్పులు చూసుకుంటానన్నది కాబట్టి కాగితం మీద తీయించలేదు. పెన్‌డ్రైవులో వేయించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆమె తిరిగి రాలేదు. శవపెట్టె మూసే ముందు ఆయన ఆ నోటుబుక్కు తెచ్చి, ఆమె చేతుల కింద బైబిలు పక్కన పెట్టాడు. ఎందుకబ్బయ్యా అని నాయన అడిగితే, కంప్యూటర్లో ఎక్కింది గదా, ఆమె చేతిరాత ఆమె దగ్గరే ఉండనీ అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, ఏడుస్తూ ఉన్నాను. ఆ మాట విన్నానో లేదో ఇప్పటికీ చెప్పలేను. విని ఉంటే ఆ తరువాత చేసిన పని చేసేదాన్ని కాదని మాత్రం నన్ను నేను సముదాయించుకుంటూ ఉంటాను.

ఆ వచ్చే ఆదివారమే ఆదరణ కూటం. బుధవారం మాస్టారు ఆమె ఫోటో కార్డుల కోసం ఫోటో స్టూడియోకి పోయి, ఆ పెన్‌డ్రైవే ఇచ్చాడు. వైరసు అక్కడే పట్టింది. గురువారం డీటీపీ షాపుకు పోతే, వాళ్ళు ఆ వారమే వైరసు దెబ్బకు మెషిన్లు కడిగించుకుని ఉన్నారట, శుభ్రం చేయించుకుని వస్తేనే పెడతామన్నారు. ఆయన నేరుగా మా ఇంటికి వచ్చాడు. సుగుణమ్మా, అమ్మగారి మేటరు ఇందులో ఉండాది, కాస్త చూడు తల్లీ అని నా చేతికిచ్చి, నాయనతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు. ఇదొక్కటే ఉందని ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

ఎప్పటిలాగే దొంగ ఫోల్డర్లను చెరిపేశాను. దాక్కున్నవాటిని బయటికి లాగాను. ఫోటోలు బాగున్నాయి. మార్తమ్మ అని పేరున్న ఫైలు తెరిచాను. పదకొండు పేజీలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలకు నెత్తిన చుక్కలు, కొమ్ములు, మధ్యలో డాలరు గుర్తులు, బ్రాకెట్లు, ఎటు చూసినా అదే చెత్త. కిందికి పోతుంటే ఐదారు గుర్తుల గుంపు ఒకటి మళ్ళీ మళ్ళీ కనబడింది. ప్రతి పేజీలోనూ ఉంది, కొన్ని పేజీల్లో నాలుగైదు చోట్ల ఉంది. నా గుండె ఝల్లుమంది, భయంతో కాదు, సంతోషంతో. ఫైలు లోపలికి దూరి తనను తాను రాసుకుంటూ పోయే కొత్త రకం వైరసును పట్టానని అనుకున్నాను. ఆ గుర్తులను ఒక్కొక్కటీ చూసి నా నోటుబుక్కులో దించుకున్నాను. తరువాత ఆ ఫైలును చెరిపేసి, ఫోటోలు వేరే తీసిపెట్టి, పెన్‌డ్రైవు మొత్తం ఫార్మాట్ చేశాను. అది బాగా పనిచేస్తోందో లేదో చూడటానికి మా గుడి పాటలన్నీ దాని నిండా ఎక్కించి, మళ్ళీ చెరిపేశాను. శుభ్రంగా ఉండాలని అంత శ్రద్ధ నాకు. అమ్మ దానికి నీలం దారం కట్టింది.

శుక్రవారం మాస్టారు వస్తే, మేటరును వైరసు తినేసింది మాస్టారూ, ఫోటోలు కాపాడాను అని చెప్పాను. కాపాడాను అన్న మాట గట్టిగానే అన్నాను. అమ్మ కుర్చీ లాగేలోపే ఆయన గచ్చు మీద కూర్చుండిపోయాడు. ఆమె రాసిన నోటుబుక్కు పెట్టెలో ఉంది అని నాయన మెల్లగా అన్నప్పుడు గాని నాకు సంగతి తెలియలేదు. అవ్వ ఒక్కసారిగా ఏడుపు ఎత్తుకుంది. మాస్టారు ఎవరినీ ఏమీ అనలేదు. నేనే ఫోటోల కోసం పోయినా, నేనే ఆ దరిద్రాన్ని అంటించుకొచ్చినా అని అరచేతులతో మోకాళ్ళు కొట్టుకున్నాడు. నేను చెరిపిన ఫైళ్ళను తిరిగి తెచ్చే ప్రోగ్రాములన్నీ పెట్టి చూశాను. ఆ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా తిండి లేకుండా కూర్చున్నాను. పాటల పేర్లు వచ్చాయి. ఒక్కొక్క పాటా ఆ పదకొండు పేజీల మీద పడి కూర్చుంది. దేవుడి పాటలను చూసి నేను తిట్టుకున్నది ఆ ఒక్కరోజే.

శనివారం మొదటి బస్సుకే కావలి పోయాను. టైపు చేసింది కామాక్షి అనే అమ్మాయి. షాపు మెషిన్లో ఏమీ లేదు, అంతా కడిగేశారు. నీకు ఏమైనా గుర్తుందా, ఒక్క ముక్కయినా సరే, చెప్పు తల్లీ అని ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె బిక్కమొహం వేసింది. మేము అక్షరాలు చూసి కొడతాం గాని చదవమక్కా, రోజుకు ఎన్నో కొడతాం అంది. బాగా ఆలోచించి, ఒకచోట దోసకాయల గురించి ఉండాది అంది. అదెందుకు గుర్తుందంటే ఆ పూట వాళ్ళింట్లో దోసకాయ పప్పట. దోసకాయల్లో ఏముంది, ఎవరి దోసకాయలు అని పిచ్చిదానిలా అడిగాను. ఇంకేమీ గుర్తు లేదంది. ఆ ఒక్క దోసకాయల మాట పట్టుకుని బోగోలు పోయి మాస్టారుకు చెప్పాను. ఆయన దాన్ని ఎంత ఆశగా అందుకున్నాడో చెప్పలేను. పెళ్ళయిన కొత్తలో ఊరి నుంచి తెచ్చిన దోసకాయలా, ఏదో పల్లెలో ఎవరైనా ఇచ్చినవా అని తనలో తాను మాట్లాడుకుంటూ ఇంట్లో అటూ ఇటూ నడిచాడు. ఏదీ కుదరలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన నాయననూ నన్నూ సమాధుల తోటకు తీసుకుపోయాడు. అక్కడంతా ఇసక నేల. గుంత మీద పూలు ఇంకా పూర్తిగా ఎండలేదు. మాస్టారు నాయన వైపు తిరగకుండానే అడిగాడు.

"అబ్బయ్యా, ఒక పూట తెరిస్తే ఏమవుతాది? పుస్తకం ఒక్కటీ తీసుకుని మళ్ళీ మూసేద్దాం."

నాయన ఆయన భుజం పట్టుకున్నాడు. ఇక్కడ మూడడుగులు తవ్వితే నీళ్ళూరతాయి, కాగితం ఇప్పటికే మెత్తబడి ఉంటుంది, అయినా ఆమెను ఆ స్థితిలో నువ్వు చూడలేవు అని నచ్చజెప్పాడు. అప్పుడు మాస్టారు ఏడుస్తూ గ్రేసు సంగతి చెప్పాడు. పిల్లకు జ్వరం వచ్చిన రోజు బడిలో ఇన్‌స్పెక్షన్ ఉందట. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోదాం అని మార్తమ్మ గారు పొద్దున్నే బతిమాలిందట. సాయంత్రం పోదాంలే అని ఆయన బడికి వెళ్ళిపోయాడట. సాయంత్రానికి పిల్ల లేదు. ఆ రోజు నుంచి చనిపోయేదాకా ఆమె ఆ మాట ఎత్తలేదు, ఒక్కసారి కూడా తిట్టలేదు. ఆమె మనసులో ఏముందో ఆ పుస్తకంలోనైనా రాసి ఉంటుంది, నలుగురి ముందూ వింటాను, ఏమని ఉన్నా వింటాను అని ఆయన ఇన్ని రోజులూ గుండె రాయి చేసుకుని ఉన్నాడు. నేను ఆ ఇసకలో చెప్పులతో నిలబడి ఉన్నానని అప్పుడు చూసుకుని, వాటిని విప్పి చేతిలో పట్టుకున్నాను. ఏం చేయాలో తోచక చేసిన పని అది.

ఆదివారం కూటంలో అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, మార్తమ్మ గారి గురించి తనకు తెలిసినది చెప్పారు. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తమ ఇంట్లో ఆమె చేసిన ప్రార్థనల గురించి చెప్పారు. చివర మాస్టారు లేచి, సాక్ష్యం ఉండింది, నా అజాగ్రత్త వల్ల పోయింది, సంఘం నన్ను క్షమించాలి అన్నాడు. అందరూ ఆయన్ని ఓదార్చారు. ఆమె అంతా మంచే రాసి ఉంటుంది మాస్టారూ అన్నారు. నేను మూడో వరసలో కూర్చుని, వైరసులు చేసేవాళ్ళను మనసులో శపిస్తున్నాను. అప్పటికి నా తప్పు నాకు తెలియదు.

తెలిసింది ఆరు నెలలకు. ఆ డీటీపీ షాపులోనే నాకు పని దొరికింది. చేరిన మొదటి వారం, కొత్తగా తెచ్చిన మెషిన్లో ఒక ఆహ్వాన పత్రిక తెరిస్తే మళ్ళీ అదే చెత్త, నెత్తిన కొమ్ములున్న అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లు. కామాక్షీ, ముట్టుకోవద్దు, వైరసు పట్టింది అని కేక పెట్టాను. ఆమె తాపీగా వచ్చి చూసి నవ్వింది.

"వైరస్సేందక్కా, తెలుగు ఫాంటు వేయలేదు ఈ సిస్టంలో. ఫాంటు లేకపోతే ఇట్టానే కనబడతాది."

ఏదో ఒక సీడీ పెట్టి నాలుగు చోట్ల నొక్కింది. నా కళ్ళ ముందే ఆ కొమ్ములన్నీ పోయి శ్రీరస్తు శుభమస్తు అని వచ్చింది. కోర్సంతా ఇంగ్లీషులో చదివిన నేను అంతవరకూ కంప్యూటర్లో ఒక్క ముక్క తెలుగు రాయలేదు. తెలుగుకు వేరే ఫాంటు ఉంటుందనీ, అది లేని మెషిన్లో మంచి తెలుగు కూడా చెత్తలాగా కనబడుతుందనీ నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. వైరసు ఆ ఫైలును తాకనే లేదు. ఫోల్డర్లో దాచిపెట్టింది, అంతే. పదకొండు పేజీలూ నిండుగా, ఒక్క అక్షరం చెడకుండా నా ముందుకు వచ్చాయి. చంపింది నేను. కామాక్షి మంచినీళ్ళు తెచ్చిచ్చింది, ఏమైందక్కా అని అడిగింది. తలనొప్పి అన్నాను.

ఇంటికి పోయి నా వైరసుల నోటుబుక్కు తీశాను. మరునాడు షాపులో ఎవరూ లేని సమయం చూసి, నేను దించుకున్న ఆ గుర్తులను వరసగా కొట్టి, వాటికి ఆ ఫాంటు పెట్టాను. మాస్టారు అని వచ్చింది.

ఆ మాటను గుండెలో పెట్టుకుని రెండు నెలలు తిరిగాను. మాస్టారు మా ఇంటికి వచ్చినప్పుడల్లా వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన బాగా చిక్కిపోయాడు. ఎవరు కనబడినా, నేను ఆ స్టూడియోకి పోకుండా ఉండాల్సింది అనే మాట్లాడేవాడు. వైరసులు తీయడం మానేశాను. అమ్మ జాడీని కడిగి బియ్యప్పిండి పోసుకుంది. ఇప్పుడు మా అక్క కూతురు ఫోన్లో తీసిన ప్రతి ఫోటో, రాసిన ప్రతి ముక్క ఆమె ప్రమేయం లేకుండానే ఇంకెక్కడో మరొక కాపీ అయి కూర్చుంటోంది. ఒకటి పోతే ఇంకొకటి. ఈ రోజుల్లో అయితే ఆ పదకొండు పేజీలు ఎక్కడో ఒకచోట దొరికేవి, మాస్టారు వినేవాడు. విని ఏమైపోయేవాడో తెలియదు గాని, వినేవాడు. అప్పట్లో మాకు ఒక్క కాపీ అంటే ఒక్కటే. దాన్ని ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకుని ఇవ్వాలి. ఆయన నమ్మి నా చేతికి ఇచ్చాడు.

చివరికి ఒక సాయంత్రం బోగోలు పోయాను. ఆయన వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాడు. నేను నిలబడే అంతా చెప్పేశాను. ఫాంటు సంగతి ఆయనకు అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పాను. వైరసు తినలేదు మాస్టారూ, బాగానే ఉంది, నాకు చదవడం రాక నేనే చెరిపేశాను, మీ తప్పు ఇందులో ఏమీ లేదు అన్నాను. ఆయన చేట పక్కన పెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. ఇంకేమీ మిగల్లేదా అని అడిగాడు. ఒక్క మాట మిగిలింది అని, నోటుబుక్కులో గుర్తులూ, వాటి కింద తెలుగులో నేను రాసుకున్నదీ చూపించాను. ప్రతి పేజీలోనూ ఈ మాట ఉంది, కొన్నింట్లో నాలుగైదు సార్లు ఉంది అని చెప్పాను. ఆయన ఆ పేజీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలితో ఆ మాటను తడిమాడు.

"ఆఖర్న దాన్ని చూసింది నువ్వే గదమ్మా. నన్ను గురించి మంచిగా రాసిందా, చెడ్డగా రాసిందా?"

మంచిగానే రాసింది మాస్టారూ అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అనేస్తే ఆ ముసలాయన ఆ పూటకు కడుపు నిండా అన్నం తినేవాడు. కానీ ఎనిమిది నెలలు ఆయన్ని ఒక అబద్ధంలో ఉంచి, దాన్ని విప్పడానికే ఆ గుమ్మం ఎక్కాను. ఇంకొకటి కట్టడానికి నోరు రాలేదు. నాకు తెలియదు మాస్టారూ అన్నాను. చెబుతూ ఏడ్చేశాను.

ఆయన తల ఊపాడు.

"అందరూ మంచిగానే రాసుంటాదిలే అంటుండారమ్మా. అయ్యగారన్నాడు, మీ నాయనన్నాడు. చూడనోళ్ళంతా చెప్పినారు. చూసిన నువ్వు తెలియదంటుండావు." చేటను మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. "సరేలే. ఇంక నేను ఎవరినీ అడగను."

ఆ తరువాత నాలుగేళ్ళు బతికాడు. నాయన చెప్పగా విన్నాను, మళ్ళీ ఎవరినీ అడగలేదట.